ఐదు దేశాల చాకులు, సమ్మమ్మ చెయ్యి

మా ఆయన కిషన్ రావుకు చాకుల పిచ్చి. మిగతా మగవాళ్లు రిటైరైతే గుళ్లకు తిరుగుతారు, లేదా పేకాట మొదలుపెడతారు. ఈయన ఇరిగేషన్ శాఖలో ముప్ఫై రెండేళ్లు కాలువలు కొలిచి ఇంటికి వచ్చాక జేబులో పట్టే మడత చాకులు కొనడం మొదలుపెట్టాడు. హనుమకొండలో మా ఇంటి బీరువాలో నా పట్టుచీరలకు ఒక అర, ఆయన చాకులకు రెండు అరలు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. మా ఇంట్లో రోకలి లేదు కాబట్టి బతికిపోయాను.

ఆ చాకులు కోయడానికి కాదు, చూడటానికి. మామిడిపండు కోద్దామంటే వంటింట్లో కత్తి తెమ్మంటాడు. పొద్దున చాయ్ తాగుతూ ఒక్కొక్కటీ తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, ఏ దేశం పనితనం ఎంత గొప్పదో నాకు పాఠం చెబుతాడు. ముప్ఫై ఏళ్లు సర్కారు బడిలో సైన్సు పాఠం చెప్పినదాన్ని, ఇంకొకరి పాఠం వినడం నాకు చేతకాదు. అయినా వినీ వినీ నాకూ వచ్చేసింది. జర్మనీ వాళ్లది పిడి పనితనం, స్విట్జర్లాండు వాళ్లది అమరిక, జపాను వాళ్లది ఉక్కు, ఫ్రాన్సు వాళ్లది పొదుపు. చైనాది ఎందుకు కొన్నావంటే మాత్రం నసుగుతాడు. టార్చిలైటు కూడా ఉందని కొన్నాడు.

ఈ కథ మా ఆయనది కాదు, సమ్మమ్మది. చాకులు లేకుండా ఆమె కథ చెప్పడం కుదరదు కాబట్టి ముందు వాటిని పరిచయం చేశాను.

రెండేళ్ల కింద హసన్‌పర్తి దాటాక మాకున్న కాస్త భూమిలో మామిడి నర్సరీ పెట్టాం. అంటు కట్టేవాళ్లు కావాలంటే ఎవరిని అడిగినా సమ్మమ్మ అని ఒకటే పేరు చెప్పారు. వచ్చింది. మనిషి పొట్టి, గొంతు పెద్ద. నవ్విందంటే చెరువు అవతలికి వినబడుతుంది. వయసు అడిగితే మేడారం జాతర ఏడు పుట్టానని చెప్పింది. జాతర రెండేళ్లకోసారి వస్తుంది కాబట్టి ఆ జవాబుతో లెక్క తేలదు. అరవైకి కాస్త అటూ ఇటూ అని నేనే రాసుకున్నాను. పుట్టింది నెక్కొండ పక్క పల్లెలో, మెట్టింది హసన్‌పర్తిలో. నర్సరీల్లో మొక్కలకు నీళ్లు పోసే కూలికి పోయి, అంటు కట్టేవాళ్లను ఓరకంట చూసి చూసి పని దొంగిలించింది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు.

అంటు కట్టడం చెప్పడానికి తేలిక. టెంక నుంచి మొలిచిన మొక్క తల కోసి, నడిమిట్ల చీల్చాలి. మంచి రకం చెట్టు పుల్లను రెండు వైపులా చెక్కి ఆ చీలికలో దింపాలి. ప్లాస్టిక్ రిబ్బను చుట్టాలి. పుల్ల చెక్కిన చోట గాజు మీద గాజు పెట్టినట్టు సాపుగా అతుక్కుంటే మూడు వారాల్లో ఎర్రటి చిగురు వస్తుంది. వెంట్రుకంత సందు ఉన్నా పుల్ల ఎండిపోతుంది. మామూలు చేతికి నూటికి డెబ్భై బతికితే గొప్ప. సమ్మమ్మకు తొంభైకి తగ్గవు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఎప్పుడూ బాటకు వీపు పెట్టి కూర్చునేది. ఎవరైనా దగ్గరికి వస్తే చాకు మడిచి, నీళ్లు తాగడమో కొంగు సర్దుకోవడమో చేసేది. మనిషి వెళ్లిపోయేదాకా పని కదిలేది కాదు. "సమ్మక్క మంత్రమేస్తది, ఎవలన్న చూస్తే మంత్రం పోతది" అని కూలీలు చెప్పుకునేవారు. సైన్సు టీచరునైన నేను కూడా సగం నమ్మాను, అబద్ధమెందుకు.

మంత్రాన్ని పూర్తిగా నమ్మిన మనిషి కట్టయ్య. వర్ధన్నపేట దగ్గర పెద్ద మామిడి తోట ఆయనది. శకునాల మనిషి. పిల్లి ఎదురైతే బండి వెనక్కి తిప్పుకుంటాడు, మంగళవారం మొక్క ముట్టడు, ఎవరైనా తుమ్మితే కూర్చుని నీళ్లు తాగిగానీ కదలడు. పదిహేనేళ్ల కింద ఏదో నర్సరీలో సమ్మమ్మ కట్టిన అంట్లు కొని నాటాడు, అవి విరగకాశాయి. ఇక అప్పటినుంచి ఆమె ఏ నర్సరీలో పని చేస్తే ఆ నర్సరీకే వస్తాడు. ఈసారి మా దగ్గర రెండు వందల హిమాయత్ రకం మామిడి మొక్కలు చెప్పాడు.

"అన్ని సమ్మక్క చేతివే గావాలె టీచరమ్మా. ఇంకొకల చెయ్యి తగిలితే నాకెర్కయితది" అని హెచ్చరించి వెళ్లాడు.

జూలైలో మంచి వాన పడిన వారం సమ్మమ్మ చాకు విరిగింది. ముప్ఫై నాలుగేళ్ల కింద హసన్‌పర్తి కమ్మరి యాకయ్య చేసిచ్చిన చాకు అది. రంపపు ముక్క బ్లేడు, తుమ్మకట్టె పిడి. సాన పట్టీ పట్టీ బ్లేడు ఐస్‌క్రీం పుల్లంత సన్నబడింది. ఆ రెండు ముక్కలూ కొంగులో కట్టుకుని నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"గిది పోతే నా చెయ్యి పోయినట్టే టీచరమ్మా. హస్తవాసి అంటరు గని, గదంత దీన్లనే ఉన్నది."

నేను ఓదార్చబోయేలోగా మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్లకు ఆయన చాకులకు పని దొరికింది.

"ఫికర్ చెయ్యకు సమ్మక్కా" అన్నాడు. "నా దగ్గర ఐదు దేశాలవి ఉన్నయ్. ఒక్కోదానితోని నలభై మొక్కలు కట్టు. ఏ దేశపుదానితోని ఎక్కువ బతికితే గా దేశం చాకు నీకే కొనిస్త. కట్టయ్య మొక్కలు దాంతోనే కడుదువు."

పొరుగింటి పుల్లకూర రుచి అని నేను గొణిగాను. ఎవరు వింటారు.

మర్నాడు ఉదయమే కుర్చీ, గొడుగు, నోటుబుక్కు తీసుకుని మొక్కల మధ్య కూర్చున్నాడు. సమ్మమ్మను ఎదురుగా కూర్చోబెట్టాడు. మా వైపు కత్తి చేతికివ్వరు. కింద పెడితే అవతలివాళ్లు తీసుకోవాలి, లేకపోతే ఇద్దరికీ కొట్లాట అవుతుందంటారు. మా ఆయన చదువుకున్నవాడు కదా, ఇలాంటివి పట్టించుకోడు. జర్మనీ చాకు తెరిచి పిడి అటువైపు తిప్పి నేరుగా ఆమె చేతికే ఇచ్చాడు. పెద్దవాళ్ల దగ్గర ఏదైనా తీసుకునే పద్ధతిలో సమ్మమ్మ ఎడమ చెయ్యి కుడి మోచేతికి ఆనించి, కుడి చేత్తో అందుకుంది. ఆ చేత్తోనే పని మొదలుపెట్టింది.

రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆమె నవ్వు వినబడలేదు. ఐదు దేశాల మొక్కలకూ ఐదు రంగుల దారాలు కట్టి, నలభై చొప్పున వరుసలు పెట్టాం. ఆ తర్వాత మూడు వారాలు మా ఆయన రోజుకు నాలుగుసార్లు వెళ్లి పుల్లలను పలకరించి వచ్చేవాడు.

ఫలితం వచ్చింది. రెండు వందల్లో అరవై రెండు బతికాయి. చైనాకు పందొమ్మిది, స్విట్జర్లాండుకు పదిహేను, జపానుకు పదమూడు, ఫ్రాన్సుకు పదకొండు. అన్నిటికంటే ఖరీదైనది, అంటు కట్టడానికనే ప్రత్యేకంగా తయారైనది, మా ఆయన ప్రాణం పెట్టుకున్నది జర్మనీ చాకు. దానికి నాలుగు.

"నలభైకి నాలుగా?" అని ఆయన ఆ రోజంతా అంటూనే ఉన్నాడు. అన్నం ముందు అన్నాడు, అన్నం తర్వాతా అన్నాడు. చైనా గెలిచినందుకు బాధ ఒకటి, జర్మనీ ఓడినందుకు బాధ ఒకటి. నాకు నవ్వు ఆగలేదు.

కానీ మర్నాడు ఆయన సమ్మమ్మతో అన్న మాటకు నా నవ్వు పోయింది. మంచి మనసుతోనే అన్నాడు. "వయసయింది గద సమ్మక్కా, చేతి పట్టు తగ్గినట్టున్నది. ఇగ కూసొని మొక్కలకు కవర్లు తొడుగు. కూలి గంతే ఇస్త. కట్టయ్య మొక్కలు ఇంకెవరితోనన్న కట్టిద్దాం."

సమ్మమ్మ సరేనని తలూపింది. ఎండిన పుల్లలున్న వరుసల వైపు చూసి కుడి చేతి వేళ్లు ముడుచుకుంది. ముప్ఫై నాలుగేళ్ల పని ఒక నోటుబుక్కులో ముగిసిపోయింది. నాకు మా ఆయన మీద ఎంత కోపం వచ్చిందంటే, ఐదు చాకులూ టిఫిన్ డబ్బాలో వేసుకుని, సమ్మమ్మను ఆటో ఎక్కించి, ఆయనకు చెప్పకుండా యాకయ్య కొలిమికి బయల్దేరాను. విరిగిన చాకు లాంటిదే ఇంకొకటి చేయిస్తే చెయ్యి మళ్లీ వస్తుందేమో చూద్దామనుకున్నాను. సైన్సు టీచరు బుద్ధి అప్పటికి పూర్తిగా పక్కన పెట్టేశాను.

యాకయ్య కొలిమి చెరువుకు పోయే సందులో, ఒక సైకిల్ రిపేరు షాపుకూ నూడుల్స్ బండికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. డెబ్భై ఆరేళ్ల మనిషి. అన్నారం దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని అక్కడి బాబా పేరు కలిసేలా ఆ పేరు పెట్టారట. ఒక కంటికి ఆపరేషనయింది, రెండో కంటికి వాయిదా వేస్తున్నాడు. తిత్తి పోయి చిన్న మోటారు ఫ్యాను వచ్చింది గానీ, సుత్తె మాత్రం తండ్రిదే.

విరిగిన చాకు చూడగానే గుర్తుపట్టాడు. "గిన్నేండ్లు నడిపినవా చెల్లె" అని నిప్పుల వెలుగుకు ఆ ముక్కలు పట్టి మురిసిపోయాడు. నేను టిఫిన్ డబ్బా తెరిచి, "గివి ఐదు దేశాలయి యాకయ్యన్నా. ఏది మంచిదో, ఏది కాదో జర చెప్పు" అన్నాను.

యాకయ్య లేచి చేతులు కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుని వచ్చాడు. ఒక్కొక్క చాకునూ చెవి దగ్గర పెట్టుకుని తెరిచాడు, మూశాడు. కీలు చప్పుడు వింటే చేసినవాడు తెలుస్తాడట. తర్వాత గోటితో అతుకులు తడిమాడు. మా ఆయన రెండేళ్లుగా చెప్పిన పాఠమంతా ఆయన పది నిమిషాల్లో చెప్పాడు. మా ఆయన దేశాల గురించి చెప్పేవాడు. యాకయ్య మాత్రం అవతల ఒక మనిషి కూర్చుని ఉన్నట్టు చెప్పాడు.

జర్మనీది పట్టుకుని, "గీడు ఓపికమంతుడు" అన్నాడు. "కట్టె, ఇత్తడి, ఉక్కు మూడు కలిసిన కాడ గోరు ఆగుతలేదు. తొందరపడితే గిట్ల రాదు."

స్విట్జర్లాండు ఎర్ర చాకులో ఉన్న కత్తెరా, ఆకురాయీ, సీసా మూత తీసేదీ అన్నీ బయటికి లాగి మళ్లీ లోపల పెట్టాడు. "ఇంత చిన్న ఇంట్ల గిన్ని పనిముట్లు కిరికిరి లేకుంట పండుకున్నయ్. గీడు లెక్క తెల్సినోడు. ఉక్కు జర మెత్త, తుప్పు పట్టది గని సాన జల్ది దిగుతది."

ఫ్రాన్సుది చూసి నవ్వాడు. ఒక కట్టె, ఒక బ్లేడు, జారకుండా ఒక ఉంగరం. అంతకు మించి అందులో ఏమీ లేదు. "గీడు నా అసుంటోడు, ఎక్కువ పని చెయ్యడు. గని మనకాడ వానకు కట్టె ఉబ్బుతది, తెరవాల్నంటే పండ్లతోని గుంజాలె." అది నిజమే. సమ్మమ్మ దాన్ని తెరవలేక రెండుసార్లు నా దగ్గరికి తెచ్చింది.

జపానుది చేతికి తీసుకుని వెలుగుకు అటూ ఇటూ తిప్పాడు. ఇత్తడి రేకు మడిచిన మామూలు పిడి. బ్లేడు అంచున మాత్రం సన్నగా ఒక గీత, ఆ గీతకు ఇవతల ఒక మెరుపు, అవతల ఇంకో మెరుపు. "టీచరమ్మా, గీడు మా కులపోడు" అన్నాడు చివరికి. "బయట మెత్త ఇనుము, నడుమ ఉక్కు. మా నాయిన గొడ్డలికి గిట్లనే ఉక్కు పెట్టెటోడు. గిది చేసినాయన ఉంటే ఒకసారి చాయ్ తాపిస్త." ఎక్కడో సముద్రాల అవతల ఉన్న ఆ మనిషి కోసం సందు చివరి టీ కొట్టు వైపు చూశాడు కూడా.

చైనాదాన్ని తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఉక్కు మంచిదే. కీలు వదులు, పిడి మీద అక్కరలేని సోకు. గీడికి పని వచ్చు, ఎవలో తొందర పెట్టిన్రు. గంతే."

తర్వాత ఐదింటినీ తెరిచి గోనెసంచి మీద వరుసగా పరిచాడు. "ఇగ నువ్వు తీస్కో చెల్లె. ఒక్కోటి తీసి ఈ కందిపుల్ల చెక్కు" అన్నాడు.

కింద ఉన్న చాకును సమ్మమ్మ వంగి తీసుకుంది. ఎదురుగా ఎవరి చెయ్యీ లేదు, గౌరవం చూపాల్సిన పని లేదు. ఎడమ చేత్తో తీసుకుంది. పుల్ల మీద ఆ చెయ్యి రెండుసార్లు ఎంత చులాగ్గా జారిందో చూసి నేను నోరు తెరిచాను. అప్పుడు ఆమెకు నేను అక్కడ ఉన్న సంగతి గుర్తొచ్చింది. గబుక్కున చాకు కుడి చేతికి మార్చి తల దించుకుంది.

"దాసకు" అన్నాడు యాకయ్య. "నాకు ముప్ఫై నాలుగేండ్ల సంది ఎర్కే."

సమ్మమ్మ బిత్తరపోయింది. యాకయ్య తాపీగా చెప్పాడు. ఆమె మొదటిసారి చాకు కోసం వచ్చినప్పుడు కూడా పద్ధతి ప్రకారం కింద పెట్టాడట. ఎడమ చేత్తో తీసింది. సాన సరిగ్గా పడలేదని సాకు చెప్పి, రేపు రమ్మని పంపేశాడట. అంటు చాకుకు ఒక పక్క సాపుగా, ఒక పక్క వాలుగా సాన పెడతారు. సాపు పక్క పుల్లకు ఆనితేనే కోత గాజులా వస్తుంది. కుడి చేతివాళ్లకు వాలు ఒక పక్క ఉండాలి, ఎడమ చేతివాళ్లకు రెండో పక్క ఉండాలి. ఆ పూట యాకయ్య చేసింది అంతే. ఇటు ఉన్న వాలును తీసేసి అటు పెట్టాడు.

"నీ జర్మనీ చాకు అంటుకు పనికొచ్చేదే, గని కుడి చేతిది టీచరమ్మా. చెల్లె ఎడమ చేతికి గది అడ్డమే కోస్తది. మిగిలినయి రెండు దిక్కుల వాలు ఉన్నయ్, పండ్లు కోసేటియి" అన్నాడు.

నలభైకి నాలుగు ఎందుకు వచ్చాయో అప్పుడు తేలిపోయింది. మా ఆయన ఎదురుగా కూర్చున్నంతసేపూ ఆమె కుడి చేత్తో కట్టింది, ఆ చేతికి పని రాదు. ఆయన చాయ్‌కి లేచినప్పుడల్లా ఎడమ చేతికి మార్చింది, ఆ చేతికి జర్మనీ చాకు రాదు.

"మరి గిన్నేండ్లు ఒక్కనాడు గూడ అనకపోతివి అన్నా?" అంది సమ్మమ్మ.

"నువ్వు దాసుకున్నది నేనెందుకు ఇప్పుత?"

ఆమె చెప్పుకొచ్చింది. అన్నం తినేటప్పుడు తల్లి ఆమె ఎడమ చేతిని గుడ్డతో నడుముకు కట్టేసేదట. ఎడమ చేత్తో విత్తనం చల్లిందని అత్త ఒకసారి గంపెడు పెసర్లు మట్టిలోంచి మళ్లీ ఏరించిందట. అవన్నీ నవ్వుతూనే చెప్పింది. నర్సరీ మేస్త్రీ మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె గొంతు తగ్గింది. మొదటి అంటు కడుతుంటే అతను చూశాడట. ఎడమ చేత్తో కట్టిన చెట్టు కాయదని, గిరాకీలు చూస్తే ఒక్క మొక్క కొనరని తిట్టాడట. ఆ రోజు నుంచి బాటకు వీపు పెట్టింది. మంత్రమూ లేదు, తంత్రమూ లేదు. "మంత్రమని వాళ్లే అనుకున్నరు టీచరమ్మా. మంచిదే అని ఊకున్న."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను నా చేతులు చూసుకున్నాను. ముప్ఫై ఏళ్ల నౌకరీలో ఎడమ చేత్తో బలపం పట్టిన పిల్లలు ఎంతమంది వచ్చి ఉంటారు నా ముందుకు. స్కేలుతో వేళ్ల మీద కొట్టాను. మంచి చేస్తున్నాననుకునే కొట్టాను. ఆ మాట అక్కడే, నూడుల్స్ బండి పొగలో, సమ్మమ్మకు చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆమె నా భుజం తట్టి, "మీరు గట్టిగ కొట్టేటోళ్లు కాదు తియ్యిన్రి, చూస్తే తెలుస్తాంది" అంది. ఎవరు ఎవరిని ఓదార్చాలో తెలియక ఇద్దరం నవ్వాం.

తిరిగి వస్తుంటే ఆటోలో ఒకటే మాట. "సారుకు చెప్పకున్రి. కట్టయ్యకు అసలే చెప్పకున్రి. ఎరుకయితే తోట మొత్తం పీకేస్తడు." నేను తలూపాను. మాట మాత్రం ఇవ్వలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన చాకులు కనబడక బీరువా అంతా తిరగేస్తున్నాడు. దొంగతనం ఒప్పుకుంటూనే సంగతంతా చెప్పేశాను. ఆయన నేరుగా వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మర్నాడు నర్సరీకి వెళ్లి, కుర్చీ వదిలేసి, సమ్మమ్మ ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఫోను చూపించాడు. అదే జర్మనీ కంపెనీ, అదే చాకు. కానీ వేరే నంబరు. ఎడమ చేతివాళ్ల కోసం.

సమ్మమ్మ నా వైపు కోపంగా చూసి, ఆ తర్వాత ఫోను వైపు చూసింది.

"గిది ఒక్కటి చేసిన్రా, నా అసుంటోళ్ల కోసం?"

"ఒక్కటి కాదు సమ్మక్కా. కార్ఖానల చేస్తనే ఉంటరు. కొనేటోళ్లు గంతమంది ఉన్నరు."

"అక్కడ గూడ ఉన్నరా నాలెక్కటోళ్లు? గంతమందా?"

ఉన్నారన్నాడు. ఆమె ఫోను రెండు చేతులతో పట్టుకుని ఆ బొమ్మనే చూస్తూ కూర్చుంది. కంట్లో నీళ్లు వచ్చాయి, ఆ వెంటనే నవ్వొచ్చింది. నెల రోజులుగా వినబడని ఆ పెద్ద నవ్వు. చెరువు అవతలికి వినబడే ఉంటుంది.

ఆ వారంలోనే యాకయ్య కొత్త చాకు చేసిచ్చాడు. జర్మనీ చాకు కూడా కొద్దిరోజులకే వచ్చింది. మా ఆయన ఈసారి దాన్ని చేతికివ్వలేదు. సమ్మమ్మ ముందు నేల మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఎడమ చేత్తో తీసుకుంది. ఒక్కో చాకుతో యాభై మొక్కలు కట్టింది. మూడు వారాలయ్యాక లెక్కపెడితే జర్మనీకి నలభై ఆరు, హసన్‌పర్తికి నలభై ఎనిమిది. మా ఆయన రెండు దేశాల మధ్య నిజాయితీగా నలిగిపోయి, తేడా లేనట్టే అని తీర్పు చెప్పాడు. యాకయ్య ఒప్పుకోలేదు. ఆటోలో వచ్చి, చచ్చిపోయిన రెండు మొక్కలూ చూపించమని పట్టుబట్టి, రిబ్బను విప్పి, తప్పు పుల్లదే గానీ చాకుది కాదని తేల్చాడు. జర్మనీ ఎడమ చేతి చాకును చెవి దగ్గర పెట్టుకుని విని, "మంచోడే. ముప్ఫై నాలుగేండ్లు లేటయిండు" అన్నాడు.

ఇల్లు అలకగానే పండగ కాదు. కట్టయ్య మిగిలాడు.

అతని రెండు వందల మొక్కలు ఒక బుధవారం మొదలుపెట్టాం. సమ్మమ్మ వీపు ఎటు పెట్టుకుంటుందోనని నేనూ మా ఆయనా కాస్త దూరం నుంచి చూస్తున్నాం. పీట తీసుకుని ఒక్క క్షణం నిలబడింది. తర్వాత ముఖం బాటవైపు పెట్టి కూర్చుంది. పది మొక్కలు అయ్యాయో లేదో బండి చప్పుడు వినబడింది. కట్టయ్య తన మొక్కలు ఎంతవరకు వచ్చాయో చూసుకుందామని వచ్చాడు. ఏ పిల్లీ ఎదురు కాకపోయిందే అని నేను నిజంగా బాధపడ్డాను.

గేటు దాటి నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. సమ్మమ్మ చాకు మడవలేదు. నీళ్లు తాగలేదు, కొంగు సర్దుకోలేదు. ఎడమ చేత్తో పుల్ల చెక్కుతూనే ఉంది.

"అదేంది సమ్మక్కా, ఎడమ చేత్తోనా?"

"ఔ అన్నా."

"ఎప్పటి సంది?"

"మొదటి సంది. నీ తోటల చెట్లన్ని గీ చేతియే." ఆమె పుల్ల దింపి రిబ్బను చుట్టింది. "కాస్తలేవా?"

పదిహేనేళ్ల కాపు ఒక పక్క, పుట్టినప్పటి నుంచి విన్న శాస్త్రం ఒక పక్క. కట్టయ్య లోపల పెద్ద పంచాయితీ జరుగుతున్నట్టు కనబడింది. మా ఆయన ఏదో చెప్పబోతే నేను ఆయన కాలు తొక్కాను. కట్టయ్య చెప్పులు విడిచి, వచ్చి మొక్కల పక్కన కూర్చున్నాడు. కట్టిన పది అంట్లనూ ఒక్కొక్కటే వేలితో తాకి చూశాడు. అప్పటికే కట్టి ఉన్న ఒక మొక్కను చూపించి, "గిది ఏ చేత్తో కట్టినవ్?" అని అడిగాడు.

"గీ చేత్తోనే."

"అది?"

"అది గూడ."

ఆయన చాలాసేపు ఆ చెయ్యినే చూశాడు. ఒక పుల్ల చెక్కడం, దింపడం, చుట్టడం పూర్తయ్యేదాకా చూశాడు. పదిహేనేళ్లలో ఆమె పని చూడటం ఆయనకు అదే మొదటిసారి.

"మంచిగ కాస్తన్నయ్ సమ్మక్కా" అన్నాడు. "పోయినేడు కాయల బరువాగక కొమ్మలకు కర్రలు పెట్టిన." లేచి, చెప్పులు తొడుక్కుని, బండి దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగాడు. "నా మొక్కలు అయిందాక చెయ్యి మార్చకు. రెండొందలకు రెండొందలు గా చేత్తోనే కట్టు."

సమ్మమ్మ సరేనని, ఎడమ చేత్తో ఇంకో పుల్ల అందుకుంది.